నేలతాపన వ్యవస్థల్లో ప్రతిఫలన రేకు

చలి దేశాల్లో ఇంటిని వెచ్చగా ఉంచడానికి నేల అడుగున సన్నని గొట్టాలు పరిచి, వాటిలో వేడినీటిని తిప్పుతారు. ఈ ఏర్పాటుకు నేలతాపనం అని పేరు. వ్యాపారంలో రేడియంట్ ఫ్లోర్ హీటింగ్ అంటారు. గొట్టాల్లోని వేడి గదిలోకి రాకుండా కిందనున్న మట్టిలోకో, ఖాళీ నేలమాళిగలోకో జారిపోతే ఇంధనం వృథా. దాన్ని ఆపడానికి గొట్టాల దిగువన అమర్చే మెరిసే అల్యూమినియం పొరే ప్రతిఫలన రేకు. ఇది ఒంటి రేకు చుట్టలుగానూ, రెండు రేకుల మధ్య గాలి బుడగలున్న ప్లాస్టిక్ షీట్లుగానూ, థర్మోకోల్ పలకల మీద అతికించిన పూతగానూ దొరుకుతుంది. ఇళ్లు కట్టే సామగ్రిలో ఇంత మేలు చేయగలిగినదీ, ఇంత తరచుగా తప్పు చోట పెట్టేదీ మరొకటి అరుదు. మెరిసే ముఖానికి ఎదురుగా కదలని గాలి పొర ఉంటే రేకు అద్భుతంగా పనిచేస్తుంది. ఆ ముఖం కాంక్రీటునో మట్టినో తాకుతూ ఉంటే ఉష్ణాన్ని ఆపడంలో దాని వంతు దాదాపు సున్నా.

వెచ్చని నేల చరిత్ర

నేలను వెచ్చబెట్టడం కొత్త ఆలోచన కాదు. రోమన్లు స్నానశాలల నేలను పొట్టి స్తంభాల మీద నిలిపి, కింద పొయ్యి పెట్టి, వేడి పొగను ఆ ఖాళీలోకి వదిలేవారు. కొరియాలో ఒండోల్ అనే పద్ధతిలో వంటపొయ్యి పొగ రాతి పలకల కిందుగా సాగి గదిని వేడెక్కించేది. మన దేశంలోనే కాశ్మీరు ఇళ్లలోనూ మసీదుల్లోనూ ఉండే హమామ్ ఇదే కోవకు చెందినది. రాతి నేల కింద కట్టెలు మండుతాయి, పైన జనం కూర్చుంటారు.

నీటి గొట్టాల పద్ధతికి ఇరవయ్యో శతాబ్దంలో ఊపు వచ్చింది. అమెరికన్ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1937లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో పూర్తిచేసిన జేకబ్స్ ఇంటి శ్లాబు కింద తాపన గొట్టాలు పరిపించాడు. 1947లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో మొదలైన లెవిట్‌టౌన్ కాలనీలో వేలాది చిన్న ఇళ్లకు శ్లాబులోనే రాగి గొట్టాలు వేశారు. 1960లలో జర్మనీలో థామస్ ఎంగెల్ రూపొందించిన అడ్డబంధాల పాలిథీన్ గొట్టం వచ్చాక ఈ పద్ధతి ఉత్తర ఐరోపా అంతటా పాకింది. తుప్పు పట్టదు, సులువుగా వంగుతుంది, నేలలో అతుకు లేకుండా ఒకే చుట్టగా పరవవచ్చు.

ఇప్పటి ఇళ్లలో ప్రధానంగా రెండు రకాలు కనిపిస్తాయి. మొదటిది కాంక్రీటు శ్లాబులోనో, దాని మీది మోర్టారు పొరలోనో గొట్టాలు పూడ్చడం. రెండోది ఉత్తర అమెరికా చెక్క ఇళ్లలో ఎక్కువ: నేలచెక్కకు అడుగు నుంచి, దూలాల మధ్య ఖాళీల్లో గొట్టాలను బిగించడం. రేకు విషయంలో ఈ రెండింటికీ ఉన్న తేడా చాలా పెద్దది.

కిందికి పోయే వేడి

వేడి ఎప్పుడూ పైకే పోతుందని చాలామంది నమ్మకం. పైకి లేచేది వేడిగాలి. ఘనపదార్థంలో వేడికి పైనా కిందా తేడా లేదు, ఎటు చల్లగా ఉంటే అటు సాగుతుంది. శ్లాబు కింద పది, పన్నెండు డిగ్రీల మట్టి ఉంటే ముప్పై డిగ్రీల శ్లాబు నుంచి వేడి నిరాటంకంగా అటు దిగుతుంది. శ్లాబు అంచుల దగ్గర ఇంకా ఎక్కువగా పోతుంది. అక్కడ మట్టి బదులు మంచు గాలే ఎదురవుతుంది కనుక.

నేలతాపనంలో వికిరణం జరిగే ముఖ్యమైన చోటు నేల పైభాగం. నేల గదికన్నా ఒక డిగ్రీ వెచ్చగా ఉంటే చదరపు మీటరుకు సుమారు 11 వాట్ల వేడి గదిలోకి వస్తుంది. అందులో దాదాపు సగం వికిరణం, మిగతాది గాలి మోసుకుపోయేది. పాదాలకు ఇబ్బంది లేకుండా నివాస గదుల్లో నేల ఉపరితలం 29 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని ఐరోపా ప్రమాణాలు చెబుతున్నాయి. గది 20 డిగ్రీలు ఉంటే నేల ఇవ్వగలిగినది చదరపు మీటరుకు దాదాపు 100 వాట్లే. ఇంత చిన్న మొత్తంలో పది, ఇరవై వాట్లు కిందికి పోవడం చిన్న నష్టం కాదు.

గొట్టం నుంచి నేల ఉపరితలం దాకా కాంక్రీటు లోపల జరిగే ప్రయాణమంతా ఉష్ణవహనం. ఘనపదార్థం మధ్యలో వికిరణానికి చోటు లేదు. ప్రతిఫలించడానికి అక్కడ కిరణమే లేనప్పుడు రేకు దేన్ని తిప్పికొడుతుంది? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే మార్కెట్లో వినిపించే సగం మాటలు తేలిపోతాయి.

రేకు ఎలా పనిచేస్తుంది

ప్రతి వస్తువూ తన ఉష్ణోగ్రతను బట్టి పరారుణ కిరణాలను వెలువరిస్తుంది. ఆ శక్తి పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతానికి అనులోమంగా ఉంటుందని జోసెఫ్ స్టెఫాన్ 1879లో ప్రయోగ ఫలితాల నుంచి తేల్చాడు. లుడ్విగ్ బోల్ట్‌జ్‌మన్ 1884లో దాన్ని సిద్ధాంతపరంగా నిరూపించాడు. ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నా అన్ని ఉపరితలాలూ సమానంగా కిరణాలు వదలవు. ఈ గుణాన్ని ఉద్గారత అనే సంఖ్యతో కొలుస్తారు. చెక్క, కాంక్రీటు, ఇటుక, గాజు, మామూలు రంగులు అన్నీ 0.9 దరిదాపుల్లో ఉంటాయి. శుభ్రమైన అల్యూమినియం రేకుది 0.03 నుంచి 0.05. అంటే దాని మీద పడిన పరారుణ శక్తిలో 95 శాతానికి పైగా వెనక్కి మళ్లుతుంది.

ఇక్కడ కంటిని నమ్మకూడదు. నలభై, యాభై డిగ్రీల వేడిలో ఉన్న వస్తువు వెలువరించే కిరణాల తరంగదైర్ఘ్యం 9 మైక్రాన్ల దగ్గర గరిష్ఠంగా ఉంటుంది. అది మనకు కనిపించని వెలుగు. తెల్లని సున్నం కంటికి ఎంత కాంతివంతంగా తోచినా ఆ తరంగాల విషయంలో దాదాపు నల్లరంగుతో సమానం. వెండిరంగు పూసిన ప్లాస్టిక్ షీటు రేకులాగే మెరిసినా ఉద్గారత చాలా ఎక్కువ కావచ్చు. రేకు మీద ప్లాస్టిక్ పొర మందంగా ఉన్నా అదే సంగతి. కొనేవారు అడగవలసింది మెరుపు గురించి కాదు, ఉద్గారత సంఖ్య గురించి.

లెక్క చూస్తే రేకు బలం తెలుస్తుంది. పైన 45 డిగ్రీల చెక్క, కింద 15 డిగ్రీల మరో ఉపరితలం, మధ్య గాలి ఉన్నాయనుకుందాం. రెండూ మామూలు పదార్థాలైతే వికిరణం ద్వారా చదరపు మీటరుకు సుమారు 155 వాట్లు కిందికి పోతాయి. వాటిలో ఒకటి అల్యూమినియం రేకైతే అది సుమారు 9 వాట్లకు పడిపోతుంది. రేకు పై ముఖాన ఉన్నా, కింది ముఖాన ఉన్నా ఫలితం ఒకటే: కింద ఉంటే పడిన కిరణాలను తిప్పికొడుతుంది, పైన ఉంటే అసలు వదలనే వదలదు.

వికిరణాన్ని ఆపినంత మాత్రాన గాలి ద్వారా పోయే వేడి ఆగదు. అక్కడే నేలతాపనానికి ప్రకృతి ఒక అనుకూలత ఇచ్చింది. వేడి ఉపరితలం పైన, చల్లనిది కింద ఉన్నప్పుడు మధ్యలోని గాలి కదలదు. వేడిగాలి పైనే నిలిచి ఉంటుంది, సుడులు పుట్టవు. సంవహనం దాదాపు లేనట్టే కనుక కిందికి పోయే వేడిలో వికిరణానిదే పెద్ద వాటా, దాన్ని రేకు ఆపేస్తుంది. ఐఎస్ఓ 6946 ప్రమాణంలోని సూత్రాలతో లెక్కగడితే 50 మి.మీ. గాలి పొరకు మామూలు ఉపరితలాల మధ్య, కిందికి పోయే వేడి విషయంలో ఉష్ణ నిరోధం 0.18 యూనిట్లు. ఇక్కడ యూనిట్ అంటే ఒక వాటుకు చదరపు మీటరు-కెల్విన్. రేకు ఉంటే అది సుమారు 1.25కు పెరుగుతుంది. అదే గాలి పొరలో వేడి పైకి పోయేటప్పుడైతే రేకున్నా 0.44 దగ్గరే ఆగుతుంది. దిశ చెప్పకుండా రేకుకు నిరోధ విలువ ప్రకటించడం అందుకే అర్థంలేని పని.

ఈ సూత్రాన్ని పరికరంగా మలచినవారిలో ముందు చెప్పుకోవలసినవాడు జేమ్స్ డీవార్. 1892లో అతను చేసిన రెండు గోడల సీసాలో మధ్యనున్న గాలిని తీసేసి, గోడలకు వెండి పూత పూశారు. మన ఇళ్లలోని ఫ్లాస్కు దాని సంతతే. భవనాలకు అల్యూమినియం రేకును ఉష్ణబంధకంగా వాడే ప్రయత్నాలు 1920లలో జర్మనీలో మొదలయ్యాయి.

శ్లాబు కింద రేకు

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. మట్టిని చదును చేసి, బుడగల రేకు షీటు పరిచి, గొట్టాలు కట్టి, మీద కాంక్రీటు పోస్తారు. షీటు పై ముఖాన్ని కాంక్రీటు, కింది ముఖాన్ని మట్టి గట్టిగా అదుముతాయి. బయట గాలి పొర లేదు. అల్యూమినియం స్వయానా మంచి ఉష్ణవాహకం, కాంక్రీటు కన్నా వంద రెట్లకు పైగా. తాకిన వేడిని అది తటాలున అవతలికి అందిస్తుంది. మిగిలింది బుడగల్లోని కొన్ని మిల్లీమీటర్ల గాలి మాత్రమే. 8 మి.మీ. షీటుకు అది ఇచ్చే నిరోధం సుమారు 0.2 యూనిట్లు, అదే మందం ఉన్న థర్మోకోల్ ముక్క ఇచ్చేదానికి మించదు. 50 మి.మీ. మందమున్న గట్టి పాలిస్టైరీన్ పలక సుమారు 1.5 ఇస్తుంది.

ఐరోపాలో నేలతాపనానికి ఉన్న ఈఎన్ 1264 ప్రమాణం వెచ్చని గది పైనున్న నేలకు కూడా కనీసం 0.75 నిరోధం ఉండాలంటుంది. మట్టి మీద నేలకైతే 1.25, గడ్డకట్టే చలిగాలి పైనున్న నేలకు 2.0 వరకు అడుగుతుంది. బుడగల షీటు వీటిలో అతి తక్కువ మెట్టును కూడా అందుకోలేదు. అయినా అది కొన్నాళ్లు జోరుగా అమ్ముడుపోయింది. గాలి పొరతో పరీక్షించినప్పుడు వచ్చిన విలువను శ్లాబు కింద కూడా వస్తుందన్నట్టు ప్రచారం చేయడమే అందుకు కారణం. చుట్ట తేలిక, తెచ్చి పరవడం పది నిమిషాల పని, మందమైన పలకలకయ్యే ఖర్చు లేదు. ఇల్లు కట్టుకునేవారు ఆకర్షితులు కావడంలో వింత లేదు. అయితే కాంక్రీటు ఒకసారి పోశాక దాని కింద ఏమీ మార్చలేం. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ప్రతి చలికాలం ఆ తప్పుకు బిల్లు కట్టవలసిందే.

అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1979లో ఇంటి ఉష్ణబంధకాల ప్రకటనల మీద తెచ్చిన నిబంధన ఈ విషయంలో దారి చూపుతుంది. రేకు అమ్మేవారు ఎన్ని పొరలు, ఎన్ని గాలి ఖాళీలు, ఒక్కొక్కటి ఎంత మందం, వేడి పైకి, కిందికి, పక్కకు పోయేటప్పుడు నిరోధం ఎంత అనేవి లేబులు మీద తెలపాలి. లేబులులో చెప్పిన గాలి ఖాళీ తమ ఇంట్లో ఉండబోతోందా అని కొనేవారు చూసుకుంటే చాలు.

రసాయన సమస్య కూడా ఉంది. తడి కాంక్రీటు క్షారగుణం తీవ్రమైనది, దాని పీహెచ్ 12 నుంచి 13. అల్యూమినియాన్ని కాపాడే పలుచని ఆక్సైడ్ పొర ఆ క్షారంలో కరిగిపోతుంది, లోహం హైడ్రోజన్ వాయువును వదులుతూ తినబడిపోతుంది. అందుకే శ్లాబుల కోసం చేసే షీట్లలో రేకు మీద ప్లాస్టిక్ పొర వేస్తారు. అది లోహాన్ని కాపాడుతుంది కాని, దానితో ప్రతిఫలన గుణం తగ్గుతుంది.

శ్లాబు కిందకు సరైనవి గట్టి నురగ పలకలు. వాటి పైన తేమను ఆపే పాలిథీన్ షీటు, శ్లాబు అంచు చుట్టూ నిలువుగా మరో వరుస పలకలు వేయాలి. ఖర్చు తగ్గించుకోక తప్పని చోట మధ్యలో కాస్త పలుచన చేసినా అంచుల్లో మాత్రం తగ్గించకూడదు.

దూలాల మధ్య రేకు

చెక్క ఇంట్లో పరిస్థితి వేరు. దూలాల మధ్య ఖాళీలో గొట్టాలు నేలచెక్క అడుగుకు అంటుకుని ఉంటాయి. కింద గాలి, ఆ కింద ఉష్ణబంధకం. రేకు తన బలమంతా చూపగల చోటు ఇదే. ఇక్కడ చెక్కను దాటి వేడి పైకి రావాలి కనుక నీటిని శ్లాబుల్లోకన్నా వేడిగా, తరచుగా 50 డిగ్రీలకు పైన, తిప్పవలసి ఉంటుంది. కిందికి పోయే అవకాశమూ ఆ మేరకు పెరుగుతుంది.

సరైన అమరికలో రేకు పై ముఖం గొట్టాల వైపు చూస్తూ ఉష్ణబంధకం మీద ఉంటుంది. నేలచెక్కకూ రేకుకూ మధ్య 25 నుంచి 50 మి.మీ. గాలి వదులుతారు. ఉష్ణబంధకాన్ని గొట్టాలకు తగిలేలా పైకి నెట్టేస్తే ఆ గాలి పొర పోతుంది, రేకూ దండగే. ఖాళీ రెండు చివరలా, ముఖ్యంగా బయటి గోడను తాకే వైపు, గాలి చొరబడకుండా మూసివేయాలి. చల్లగాలి ఒక చివర దూరి మరో చివర బయటికి పోతుంటే కదలని గాలి అన్న షరతే చెదిరిపోతుంది.

రేకు ఉష్ణబంధకానికి తోడుగా ఉండాలి తప్ప బదులుగా కాదు. పైన చెప్పిన 50 మి.మీ. ఖాళీ, 30 డిగ్రీల తేడా తీసుకుని, ఇతర పొరలను పక్కనపెడదాం. రేకు ఒక్కటే ఉంటే చదరపు మీటరుకు 24 వాట్లు పోతాయి. రేకు లేకుండా 140 మి.మీ. గాజు ఉన్ని ఉంటే దాదాపు 8 వాట్లు. రెండూ కలిస్తే సుమారు 6. ఏమీ లేని చోట రేకు ప్రభావం కళ్లు చెదిరేంతగా ఉంటుంది. మంచి ఉష్ణబంధకం ఉన్న చోట అది చేసేది చివరి రెండు వాట్ల సవరింపు. ఆ రెండు వాట్లు కూడా విలువైనవే, రేకు చవక కూడా. అయితే ఇంటి యజమాని డబ్బు ముందు ఉన్నికి పోవాలి, ఆ తర్వాతే రేకుకు.

ఇదే ఖాళీలో వాడే మరో అల్యూమినియం వస్తువును రేకుతో కలగాపులగం చేస్తుంటారు. గొట్టాన్ని పట్టుకునే గాడితో వచ్చే ఉష్ణవ్యాపక పలకలు పని చేసేది వహనం వల్ల. గొట్టం వేడిని పక్కలకు పరిచి నేలచెక్కకు అందించడమే వాటి పని. సాధారణంగా అర మిల్లీమీటరు లేదా అంతకు మించిన మందం ఉంటుంది. వంటింటి రేకు మందం మిల్లీమీటరులో అరవయ్యో వంతు కూడా ఉండదు, వేడిని దూరం మోయలేదు. ఐరోపాలో తాపీ పని లేకుండా వేసే పొడి నేలల్లో థర్మోకోల్ పలకల గాళ్లలో గొట్టాలు, వాటి మీద ఇలాంటి లోహపు పొర ఉంటాయి. ఆ లోహం మెరిసేది కదా అని ప్రతిఫలనానికి అనుకుంటే పొరపాటు.

మోర్టారు కింద పరిచే పలకల మీద చాలా చోట్ల రేకు కనిపిస్తుంది. అక్కడా గాలి లేదు. కాని తడి మోర్టారు నీరు పలకల సందుల్లోకి దిగకుండా ఆపుతుంది, దాని మీద అచ్చువేసిన గళ్లు గొట్టాలను సమదూరంలో పరవడానికి ప్లంబర్లకు ఎంతో అక్కరకొస్తాయి. రేకు ఉండటానికి అవి చాలినంత కారణాలే.

విద్యుత్ ప్రమాదం

నీటి బదులు విద్యుత్ తీగలతోనో, కార్బన్ ఫిల్ముతోనో వేడెక్కే నేలలూ ఉన్నాయి. లోహపు రేకు విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. తీగ ఇన్సులేషన్ ఎక్కడైనా కోసుకుపోతే రేకు మొత్తం కరెంటు పారే పలక అవుతుంది. ఇలాంటి చోట్ల తయారీదారు అనుమతించిన, పైన ప్లాస్టిక్ పొర ఉన్న పరుపునే వాడాలి, ఎర్తింగు, లీకేజీ కరెంటును పట్టి సరఫరా ఆపే బ్రేకరు తప్పనిసరి.

ఈ హెచ్చరిక వెనక ప్రాణనష్టం ఉంది. ఆస్ట్రేలియాలో 2009–10లో ప్రభుత్వ రాయితీతో ఇళ్ల పైకప్పులకు ఉష్ణబంధకాలు అమర్చే పథకం నడిచింది. రేకును లోహపు పిన్నులతో బిగిస్తుండగా అవి విద్యుత్ తీగల్లో దిగి యువ కార్మికులు చనిపోయారు. లోహపు పిన్నులను నిషేధించారు, తర్వాత రేకు అమర్చడాన్నే నిలిపివేశారు, ఆ మరణాలపై రాయల్ కమిషన్ విచారణ జరిగింది. దూలాల మధ్య ఖాళీల్లోనూ ఇంటి వైరింగు ఉంటుంది. రేకు బిగించే ముందు సరఫరా ఆపడం, తీగల దారి చూసుకోవడం, లోహం కాని బిగింపులు వాడడం ప్రాణాలకు సంబంధించిన జాగ్రత్తలు.

తేమ, దుమ్ము

చిల్లులు లేని రేకును నీటి ఆవిరి దాటలేదు. చలి ప్రాంతంలో ఆవిరిని ఆపే పొర ఎప్పుడూ ఉష్ణబంధకానికి వెచ్చని వైపున ఉండాలి. లేకపోతే ఆవిరి చల్లని రేకు దాకా వెళ్లి నీరుగా మారి చెక్కను పాడుచేస్తుంది. వెచ్చని నేల కింద, ఉన్ని మీద పరిచిన రేకు ఈ నియమానికి చక్కగా సరిపోతుంది. ఉన్నికి దిగువన, చల్లని వైపు వేయవలసి వస్తే సన్న చిల్లులున్న రకం తీసుకోవాలి.

పైకి చూసే రేకు మీద దుమ్ము పేరుకుంటే ఉద్గారత క్రమంగా పెరిగి ప్రతిఫలన శక్తి క్షీణిస్తుంది. అన్ని వైపులా మూసిన దూలాల ఖాళీలో ఇది నెమ్మదిగా జరుగుతుంది. పైకప్పుల్లో అలా కాదు, అక్కడ రేకు మెరుపు ముఖాన్ని కిందికి తిప్పి ఉంచడం మేలు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నేలను వెచ్చబెట్టే అవసరం లేకపోయినా ఈ రేకు కొత్త వస్తువేమీ కాదు. ఇనుప రేకుల షెడ్లు, గోదాములు, కోళ్ల ఫారాల పైకప్పు కింద బుడగల షీట్లు కడుతున్నారు. ఎండకు కాలిన కప్పు పైన, మనుషులు కింద: వేడి దిగే దిశ నేలతాపనంలోలాగే పైనుంచి కిందికే, కాబట్టి రేకు తన పూర్తి బలంతో పనిచేసే చోటు ఇది. షీటును కప్పుకు అంటించేయకుండా కనీసం 25 మి.మీ. ఖాళీ వదలడం ఇక్కడా అంతే అవసరం. అమెరికా, కెనడాల్లో స్థిరపడి ఇంటి బేస్‌మెంటు బాగుచేయించుకునే తెలుగు కుటుంబాలకు మాత్రం శ్లాబుకు, దూలాలకు ఉన్న తేడా నేరుగా పనికొస్తుంది.

పనిని తనిఖీ చేసేవారు పరారుణ థర్మామీటరును రేకు మీద గురిపెట్టి చూపిన అంకెను నమ్మరాదు. ఆ పరికరం వస్తువు వెలువరించే కిరణాలను బట్టి ఉష్ణోగ్రతను లెక్కిస్తుంది. రేకు వెలువరించేది అత్యల్పం కనుక అది చూపేది ఎక్కువగా చుట్టుపక్కల వస్తువుల ప్రతిబింబాన్నే. రేకు మీద నల్లని ఎలక్ట్రికల్ టేపు ముక్క అతికించి, అది రేకు వేడికి వచ్చేదాకా ఆగి, ఆ టేపు మీద కొలవాలి.